గాడిద తోక మీద ఒట్టు

ఇందులో ప్రతి అక్షరం నిజం. మామూలు ఒట్లు నా నోటినుంచి ఇప్పటికే బోలెడన్ని వచ్చాయి కాబట్టి మా ఇంట్లో వాటికి విలువ లేదు. అందుకని ఈసారి మా బాల్కనీలో వేలాడుతున్న గాడిద తోకను చేత్తో పట్టుకుని ఒట్టేస్తున్నాను. పట్టుకోగానే నాలుగాకులు రాలాయి. అంత గట్టి ఒట్టన్నమాట.

గాడిద తోక అంటే మొక్క. కుండీ అంచు దాటి కిందికి జారుతుంది. బూడిద రాసిన చిన్న చిన్న ద్రాక్షల్లాంటి బొద్దు ఆకులు, జడ అల్లినట్టు ఒకదాని మీద ఒకటి. ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరును ఎవరో ఉన్నదున్నట్టు తెలుగులోకి దించేశారు, అదే నిలిచింది. దీని గుణం ఏమిటంటే, ముట్టుకుంటే రాలుతుంది. తుమ్మినా రాలుతుంది. రాలిన ఆకు ఊరుకుంటుందా, ఉండదు. పడ్డచోటే తొడిమ దగ్గర దారాల్లాంటి వేర్లు వేసి, ఆవగింజంత పిల్లమొక్కను పెట్టి, ఏమీ జరగనట్టు కూర్చుంటుంది.

తొంభైల చివర్లో నేను కడప వైపు నుంచి వచ్చి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. ఉద్యోగం కొత్త, పెళ్ళి కొత్త, మాదాపూర్‌లో కిరాయి ఇల్లు కొత్త. పాతది మా ఓనరమ్మ ఒక్కతే. ఎదర పోర్షన్‌లో ఆమె, వెనక ఒకదాంట్లో మేము, ఇంకోదాంట్లో దవాఖానలో పనిచేసే నర్సమ్మ. ఓనరమ్మ వరండా చూరుకు ఉట్టి, ఉట్టిలో చిల్లుపడ్డ ఇత్తడి బిందె, బిందెలోంచి నేలదాకా గాడిద తోక.

హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తోంది. గుట్టల్ని పేల్చడానికి ముందు సైరన్ కూసేది. పొయ్యి మీద ఏమున్నా వదిలేసి అందరం స్లాబు కిందికి చేరేవాళ్ళం. ఢామ్మనగానే మా స్టాండులో గిన్నెలు గంతులేసేవి, ఓనరమ్మ తోకల ఆకులు వడగళ్ళలా రాలేవి. ఆమె చేట పట్టుకుని వచ్చి, ఒక్కటి పోకుండా ఏరుకుని, ఇసుక పోసిన తట్టలో పరిచేది. గుట్ట తరిగేకొద్దీ ఇవి పెరిగాయి. ఆ అద్దాల మేడల్ని ఎవరెవరో కట్టించామని చెప్పుకుంటారు గానీ, వాటివల్ల మొట్టమొదట బాగుపడ్డది మాత్రం మా ఓనరమ్మ వరండానే.

మా ఆవిడది కాకినాడ వైపు. చేరిన వారానికే ఆ మొక్క మీద మనసు పడింది. పద్ధతిగా వెళ్ళి అడిగింది.

"మామ్మగారూ, ఒక చిన్న కొమ్మ ఇస్తారా అండి?"

ఓనరమ్మ చెవులు మూసుకున్నంత పని చేసింది. "ఇయ్య."

మా ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఇస్తె బత్కది బిడ్డా. మొక్కను అడుక్కోరు, ఎత్తుకపోతరు."

"ఎప్పుడు ఎత్తుకుపోమంటారండి?"

"ఓయమ్మ! గది నన్నడిగి చేస్తవా? నేను ఇగ లోపలికి పోతున్న. బోళ్ళు తోముకోవాలె. జర సేపు బయటికి రాను. గేటు తీసే ఉంటది." అని, తోమిన బోళ్ళనే మళ్ళీ ముందేసుకుని వీధి చివరిదాకా వినబడేలా మోగించడం మొదలుపెట్టింది.

మా ఆవిడ ఒక కొన తుంచుకుని పరుగెత్తుకొచ్చింది. అప్పుడు మోత ఆగింది. ఓనరమ్మ బయటికొచ్చి, తోక చూసుకుని, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఎవరండీ నా మొక్క ముట్టింది? మీ పప్పు ఉడక్కుండా పోనండీ! మీ చెప్పులు జత కుదరకుండా పోనండీ! మీ వాకిట్లో ముగ్గు కోళ్ళు గీకిపోనండీ!"

నేను తెల్లబోయాను. అరనిమిషం ముందు 'గది, ఇగ, జర' అన్న నోరు ఉన్నట్టుండి అండీలోకి దిగింది. మా ఆవిడకైతే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. "మా అమ్మమ్మ తిట్టినట్టే ఉందండీ" అంది నాతో.

ఆ తిట్ల పుట్టుపూర్వాలు తర్వాత నర్సమ్మ చెప్పింది. ఓనరమ్మ భర్త పరమ నిక్కచ్చి మనిషట. దారిలో దొరికిన గుండీని కూడా ఎవరిదని ఇల్లిల్లూ అడిగే రకం. అలాంటివాడు పెళ్ళాం ముచ్చట పడిందని, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు గారింట్లో ఈ తోక కొన తుంచి టిఫిను డబ్బాలో పెట్టుకున్నాడు. ఆఫీసరు భార్య చూసేసింది. రోడ్డు మలుపు దాకా వెంటపడి తిట్టింది. కోస్తా మనిషి కదా, ఎంత కోపమొచ్చినా అండీ మానలేదు. ఆయన సైకిలు తొక్కుతూ ఆ తిట్లన్నీ మోసుకొచ్చి, మొక్కతో పాటు పెళ్ళానికి అప్పజెప్పాడు. జన్మలో ఒక్కటే దొంగతనం. ఆ మొక్క బిందె నిండింది. దాంతో ఓనరమ్మ ఒక సూత్రం కట్టేసుకుంది: దొంగిలించాలి, తర్వాత మొక్కగలామె తిట్టాలి, ఆ తిట్లే తిట్టాలి, ఒక్క ముక్క మార్చకూడదు. ఆయన పోయాక ఆమెకు ఆయన గుర్తుగా మిగిలింది ఆ బిందెడు తోకలూ, ఈ నోటెడు తిట్లూ.

నర్సమ్మకు ఇందులో ఇంకో చిక్కుండేది. ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి. "దొంగతనం చెయ్యకూడదు గదా సార్, అందుకే ముందే క్షమాపణ అడిగేసి వచ్చా" అనేది, కొన తుంచి కొంగు చాటున పెట్టుకుంటూ. ఏమాటకామాటే చెప్పాలి, నాటడం మాకు నేర్పింది ఆమే. మా ఆవిడ తుంచుకొచ్చిన కొనను ఆత్రంగా బురదలో గుచ్చబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "కోసిన చోట పచ్చిగా ఉంది చూడు. కుట్లు ఆరకముందే పేషెంటుకు స్నానం చేయిస్తామా? కింద ఆకులు నాలుగు తీసెయ్, నీడలో పడుకోబెట్టు. ఆ గాయం ఎండి చెక్కు కట్టాలి. అప్పుడు ఇసకా ఎర్రమట్టీ కలిపి దాంట్లో నిలబెట్టు. వేరొచ్చేదాకా చెంబు పట్టుకుని దాని దగ్గరికి పోవద్దు. పక్కకొచ్చి చూసి వెళ్ళిపో, విజిటింగ్ అవర్స్ అనుకో."

మా ఆవిడ తుంచిన కొన అలాగే బతికింది. నర్సమ్మైతే తిట్లు ఆలస్యమైనప్పుడు గోల పెట్టేది. "అమ్మమ్మా, నిన్న నీ మొక్క ఎవరో తుంచారంట!" అని దొంగే గేటు దగ్గర నిలబడి కేకేసేది. "అవునా! ఎవరండీ నా మొక్క ముట్టింది..." అని లోపల్నుంచి మొదలయ్యేది.

ఇదంతా మూఢనమ్మకమని నేను ఆఫీసులో వెటకారం చేశాను. చేస్తూనే, ఒక పొద్దున బోళ్ళు మోగుతున్నప్పుడు నేనూ ఒక కొన కొట్టేశాను. "మీ స్కూటరు కిక్కు కొట్టినా కదలకుండా పోనండీ!" అని వినబడింది. ఇది మాత్రం అసలు పాఠంలో సైకిలు గాలి గురించి ఉండేదట, నాకోసం ఒక్క వస్తువు మార్చింది. ఆ పూట స్కూటరును శేరిలింగంపల్లి వైపు తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి పోయాను. తిట్టు పనిచేస్తుందని అప్పుడు తేలింది. కొనను ఆఫీసులో నా కంప్యూటరు పక్కన కాఫీ కప్పులో నాటాను. ఏసీ, అద్దాల్లోంచి వెలుతురు, నీళ్ళు పోసే దిక్కులేదు. దానికి స్వర్గం. మా మేనేజరు అది చూసి ముచ్చటపడి, పెద్ద పింగాణీ కుండీలోకి మార్పించి రిసెప్షన్లో ఎత్తున పెట్టించాడు. అలా ఓనరమ్మ తోక కంపెనీ ఆస్తి అయింది.

ఆ ఏడు ముసురు పట్టింది. వాన కాదు, ముసురు. పొద్దునా సాయంత్రం తేడా లేకుండా చూరు కారుతూనే ఉంది. గాడిద తోక ఎండనైనా కొంత ఓర్చుకుంటుంది గానీ తడి కాళ్ళతో నిలబడలేదు. మా మొక్కలన్నీ ఒకే చూరు కింద ఉన్నాయి. ముందు నర్సమ్మది నీరుగారింది. తర్వాత మాది. చివరికి ఓనరమ్మ బిందెలో మొదలు నల్లబడి, తోకలు తోకలుగా ఊడి నేలమీద పడ్డాయి. తట్టలో పిల్లమొక్కలు అంబలి అయిపోయాయి.

ముసురు తగ్గింది. పొద్దున లేస్తే ఏదో తక్కువైంది. బోళ్ళ మోత లేదు. తిట్లు లేవు. ఓనరమ్మ ఖాళీ ఉట్టి కింద స్టూలు వేసుకుని కూర్చుని, ఎవరు పలకరించినా "ఆ" అంటోంది. మా పప్పు ఒక్క కూతకే ఉడికిపోతోంది. మా ఆవిడ ఆ పప్పు వడ్డిస్తూ ఏడ్చింది. "ఇంత మెత్తగా ఉడకడం నాకు నచ్చలేదండీ. మామ్మగారు తిట్టాలి."

నేను ఆఫీసులో మేనేజరును అడిగి, రిసెప్షన్ కుండీలోంచి ఒక కొమ్మ తెచ్చి ఓనరమ్మ చేతిలో పెట్టాను.

"అడిగి తెచ్చినవా, కొట్టుకొచ్చినవా?"

"అడిగే తెచ్చాను అవ్వా."

"ఫాయిదా లేదు పిల్లగా." అయినా నా మొహం చూసి నాటింది. ఆత్రం కొద్దీ గాయం ఆరనివ్వకుండానే నాటింది. కుళ్ళింది. "జూసినవా?" అంది. గాయం సంగతి నర్సమ్మ చెప్పబోతే నేనే కాలు తొక్కాను. అసలు ఓనరమ్మ ఇంకో కోరిక వైపు జరుగుతోందని నాకు అనుమానం వచ్చింది.

"కొట్టుకొస్తానులే అవ్వా."

"నువ్వు కొట్టుకొస్తె నీకే బత్కుతది. నా మొక్క నేనే ఎత్తుకరావాలె." ఖాళీ ఉట్టి వైపు చూసి, "మా ఆయన గూడ ఒక్కడే పోయిండు" అంది.

మర్నాడు గంజిపెట్టిన చీర కట్టుకుని, టిఫిను డబ్బా ఉన్న సంచి పట్టుకుని నా స్కూటరెక్కింది. అదే డబ్బా. అద్దాల మేడ ముందు దిగి పైకి చూసి, "గీడ మేం సీతాఫలాలు ఏరుకునేది" అని, తనంతట తాను తెరుచుకునే తలుపును చూసి, "దొంగతనానికి మంచి ఇల్లు. తలుపు వాడే తీస్తుండు" అంది.

రిసెప్షన్ అమ్మాయి నవ్వుతూ లేచింది. "ఏం కావాలి ఆంటీ?"

"గాడిద తోక."

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. "అలాంటి పేరుతో ఇక్కడెవరూ..."

నేను అడ్డం పడేలోపల మేనేజరు వచ్చాడు. తెలుగువాడే, ఢిల్లీలో పెరిగాడు. తెలుగు వచ్చు, తిట్లు రావు. సంగతి చెప్పాను. "అంతేనా! మొత్తం కుండీ తీసుకెళ్ళండి అమ్మా, ప్లీజ్" అన్నాడు.

ఓనరమ్మ నాకేసి చూసింది. "ఈ సారుకు ఏం తెల్వదా? ఇయ్యొద్దు నాయినా! ఇయ్యనని చెప్పు."

"ఇవ్వను," అన్నాడు పాపం.

"మంచిగున్నది. ఇగ అటు తిరుగు."

మేనేజరు గోడవైపు తిరిగాడు. రిసెప్షన్ అమ్మాయి కూడా తిరిగింది. టీ తాగడానికి వచ్చిన మా టీమువాళ్ళు మేనేజరు గోడవైపు నిలబడటం చూసి, ఇదేదో కొత్త రూలనుకుని వాళ్ళూ కప్పులతో సహా గోడకు తిరిగారు. కారణం అడిగే ధైర్యం అప్పట్లో మాకెవరికీ ఉండేది కాదు. లిఫ్టు తెరుచుకున్నప్పుడల్లా దిగినవాళ్ళు దిగినట్టే వరసలో చేరిపోయారు. "ఏంట్రా ఇది?" "తెలీదు, ట్రైనింగేమో." "ఎంతసేపు?" "మేనేజరు తిరిగేదాకా." అంత పెద్ద హాలులో ఇటు తిరిగి ఉన్నది ఓనరమ్మ, గాడిద తోక.

టప్ మని కొన తెగిన చప్పుడు అందరికీ వినబడింది. డబ్బా మూత పడింది.

"ఇగ మర్లి చూడున్రి. తిట్టు సారూ."

మేనేజరు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "ఎవరు... నా మొక్క... ఇది చాలా బాధాకరమైన విషయం."

"గట్ల కాదు. నా ఎంబడి చెప్పు. ఎవరండీ నా మొక్క ముట్టింది?"

"ఎవరండీ నా మొక్క ముట్టింది?"

"మీ పప్పు ఉడక్కుండా పోనండీ!"

"మీ పప్పు ఉడక్కుండా పోనండీ!" అన్నాక అతనికి ఊపొచ్చింది. ఢిల్లీలో ఇన్నేళ్ళు లోపల అణిగి ఉన్నదేదో లేచింది. పాఠం వదిలేసి, "మీ ఫోను డెడ్ అయిపోనండీ! మీ లైనుమ్యాను రాకుండా పోనండీ! మీ ఫ్లాపీ ఎర్రరైపోనండీ!" అని రిసెప్షన్ దద్దరిల్లేలా అరిచాడు. టీమంతా చప్పట్లు కొట్టింది. ఒక్క ముక్క కూడా మార్చొద్దన్న ఓనరమ్మే అవి విని ముక్కు మీద వేలేసుకుని, "ఈ పిల్లగాని తిట్లకు మస్తుగ బత్కుతది" అంది.

అంతా అయిపోయిందనుకుంటే గేటు దగ్గర సెక్యూరిటీ. పొద్దుననే డ్యూటీ మారింది, అతనికి ఇదేం తెలియదు. "సంచి చూపించమ్మా" అన్నాడు. ఓనరమ్మ సంచి గుండెకు హత్తుకుంది. అనుమతి తెచ్చానని చెబితే అడిగి తెచ్చినట్టవుతుంది, మొక్క బతకదు. చెప్పకపోతే దొరికిపోతుంది. సరిగ్గా అప్పుడు, పక్క సైటులో ఇసుక మోస్తున్న గాడిద ఒకటి దారి తప్పి, గేటు దాటి, నేరుగా తలుపు ముందుకొచ్చి నిలబడింది. తలుపు దానికీ తెరుచుకుంది. గాడిద మర్యాదగా లోపలికి వెళ్ళింది. సెక్యూరిటీ ఈల వేసుకుంటూ దాని వెనక, మేమిద్దరం స్కూటరు మీద బయటికి. వెనక్కి చూస్తే రిసెప్షన్ ముందు నిలబడి తోక ఊపుతోంది.

ఈసారి ఓనరమ్మ తొందరపడలేదు. "దీని గాయం ఆరాలె" అని నర్సమ్మ మాటే తన మాటగా చెప్పి, కొనను చేటలో నీడన పడుకోబెట్టింది. చెక్కు కట్టాక ఇసుక, ఎర్రమట్టి, దంచిన ఇటుక ముక్కలు కలిపి నాటింది. ఉట్టిని చూరు నుంచి తీసి స్లాబు లోపలికి, ముసురు అందనిచోట కట్టింది. చాలారోజులు కదలిక లేదు. అందరం విజిటింగ్ అవర్స్ పాటించి, దూరం నుంచి చూసి వెళ్ళిపోయేవాళ్ళం. ఆమె ఇంకా "ఆ" అనే అంటోంది.

కొన నిగారింపు తేలి, లేత ఆకులు తొడిగి, బిందె అంచు మీదుగా కిందికి తొంగిచూసింది. వారం తిరక్కుండా ఒక పొద్దున్నే బోళ్ళు మోగాయి. గేటు కిర్రుమంది. చెప్పుల చప్పుడు, నర్సమ్మది. క్షమాపణ ముందే అడిగేసి ఉంటుంది. మోత ఆగింది. మా ఆవిడా నేనూ కిటికీ దగ్గరికి పరుగెత్తాం.

"ఎవరండీ నా మొక్క ముట్టింది?"

మా ఆవిడ పొయ్యి దగ్గరికెళ్ళి కుక్కర్లో ఇంకో గుప్పెడు కందిపప్పు వేసి, ఉడకదులే అన్నట్టు తృప్తిగా మూత పెట్టింది.

ఇప్పుడు ఒట్టు సంగతి. నా చేయి ఇంకా తోక మీదే ఉంది, ఆకులు రాలుతూనే ఉన్నాయి, కాబట్టి ఒప్పేసుకుంటాను. ఇందులో ఒక్క అబద్ధం ఉంది. గాడిద లేదు. గోడవైపు తిరిగిన ఆఫీసు, మేనేజరు తిట్లు, లిఫ్టులోంచి దిగి వరసలో చేరినవాళ్ళు, అవన్నీ జరిగాయి. గాడిద మాత్రం రాలేదు.

ఆరోజు సెక్యూరిటీ సంచి తెరిచాడు. టిఫిను డబ్బా మూత తీశాడు. కొనను చూశాడు. ఓనరమ్మ మొహం చూశాడు. డబ్బాకు మళ్ళీ మూత పెట్టి, సంచిలో ఉంచి, ఏమీ అడక్కుండా తనంతట తాను అటు తిరిగి నిలబడ్డాడు. వాళ్ళమ్మ కూడా మొక్కల మనిషే అయ్యుంటుంది. అతను అలా తిరిగాడంటే మీరు నమ్మరని భయమేసింది. గాడిదనైతే నమ్ముతారు.

ఇంకా అనుమానముంటే మా ఇంటికి రండి. ఆ బిందెలోంచి వచ్చిన తోకే మా బాల్కనీలో ఉంది. కొమ్మ కావాలని మాత్రం అడగొద్దు, ఇవ్వను. తలుపు తీసే ఉంటుంది. నేను అటు తిరిగి పేపరు చదువుకుంటూ ఉంటాను. మా ఆవిడ బోళ్ళు తోముతూ ఉంటుంది. వెళ్ళేటప్పుడు మెట్ల మీద కాస్త ఆగండి, తిట్లు వినిపించుకుని పోదురుగాని.